నాయనమ్మ రంగు

ఆ మచ్చను మొదట చూసింది తల్లే. చూసి సంబరపడింది. ఈ కథలో నా ఒళ్ళు మండేది ఇక్కడే. కూతురి మొహం మీద కొత్త మచ్చ కనిపిస్తే ఏ తల్లయినా "అయ్యో, ఇదేమిటే" అంటుందా, అనదా? ఈవిడ అనలేదు. పిల్లను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, ఆ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కుడికంటి కింద గింజంత మేర తెల్లబడ్డ చోటును వెలుతురుకి తిప్పి తిప్పి చూసింది. "పట్టింది! మందు పట్టిందే తల్లీ!" అని సరిగ్గా అక్కడే ముద్దు పెట్టుకుంది.

పిల్ల ఉక్కిరిబిక్కిరై నవ్వింది. "కాస్త మండుతోందమ్మా" అంది.

"మండాలి మరి! చురుక్కుమంటేనే లోపలికి దిగుతున్నట్టు. ఇప్పుడు ఆపావంటే చేసిందంతా బూడిదలో పోసినట్టే. చుట్టూ కూడా బాగా పట్టించు, అంతా కలిసిపోతుంది."

మంచం మీద కూర్చున్న నాయనమ్మ మెడ సాచి చూసింది. "అదేం తెలుపే? సున్నం చుక్కలా ఉంది" అంది.

"మీకేం తెలుసత్తయ్యా, ఊరుకోండి" అంది కోడలు. ముసలావిడ ఊరుకుంది. ఆ ఇంట్లో ఆవిడకు బాగా అలవాటైన పని అదే.

తండ్రి పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆ ముగ్గురు ఆడవాళ్ళే. తల్లి క్రీముల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. మొహం తెల్లబరిచే క్రీముల డబ్బాల మీద పచ్చటి ఆకు బొమ్మ వేసి, అంతా చెట్ల నుంచి తీసిందేనని గొప్పగా రాస్తారు చూడండి, ఆ ఆకు వెనకాల ఉండే గదిలో ఈవిడ పని. దాన్ని సారం గది అంటారు. గోనె సంచుల్లో వేళ్ళూ బెరళ్ళూ వచ్చి పడతాయి. వాటిని దంచాలి, నానబెట్టాలి, మనిషి నిలబడేంత లోతు స్టీలు తొట్లలో ఆవిరి మీద మరిగించాలి, గుడ్డలో వడకట్టాలి, ఆ నీళ్ళను చిక్కబడేదాకా మళ్ళీ కాచాలి. గదిలో ఎప్పుడూ పొగమంచు పట్టినట్టు ఉంటుంది. గోడలు చెమట పోస్తుంటాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్ళ ఒంటికి పట్టిన వాసన ఇంటికొచ్చి స్నానం చేసినా వదలదు.

చాలాకాలం అక్కడ మరిగినవి అతిమధురం వేరు, మల్బరీ వేరు. పాపం అవి ఎవరికీ పెద్ద మేలూ చెయ్యలేదు, కీడూ చెయ్యలేదు. ఆ తరవాత ఎక్కడి కొండల నుంచో కొత్త బెరడు ఒకటి వచ్చింది. ఎర్రగా, పెళుసుగా, వగరు వాసనతో. దాని సారం ముంజేతికి లోపలివైపు రాసుకుంటే చురుక్కుమనేది. అతిమధురానికి ఆ గుణం లేదు. తొట్టి దించే వేళ అయిందో లేదో చూడటానికి మీటర్లు ఉన్నాయి గానీ, సారం గది ఆడవాళ్ళు మీటరు చూసేలోపే చెయ్యి చెప్పేది. అందరిలోకీ ఈవిడ చెయ్యి గట్టి. "ఏమే, చురుకొచ్చిందా?" అని అందరూ ఈవిణ్ణే అడిగేవారు. అలా అడిగి అడిగి పేరే చురుకమ్మ అయిపోయింది.

సారం వంచేశాక తొట్టి అడుగున నల్లటి జిగురు మిగిలేది. దాన్ని అడుగు అనేవాళ్ళు. రూలు ప్రకారం పారబొయ్యాలి. ఎవరు పారబోస్తారండీ? క్రీములో సారం వేసేది ఉప్పు చిటికెడంత. ఇక్కడేమో అసలు సరుకు తొట్టికి అతుక్కుని ఉంది. చేతి తొడుగులు జారుతున్నాయని తీసేసి, చెంచాలతో గీకి, చిన్న చిన్న డబ్బాల్లోకి ఎత్తుకుని ఇళ్ళకు తీసుకుపోయేవారు. సూపర్‌వైజరు ఆ వేళకి సరిగ్గా ఫోనొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకి వాళ్ళ చేతులు తెల్లబడ్డాయి. అబ్బో, ఆ మురిపెం చూసి తీరాలి! బస్సులో కడ్డీ పట్టుకోవాల్సి వస్తే ముంజేతులు బయటపెట్టి మరీ పట్టుకునేవారు. "దొరసానుల చేతులు తల్లీ మావి, కాస్త జరగండి" అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునేవారు.

చురుకమ్మ ఆ అడుగును కూతురికి తెచ్చింది.

పిల్ల నలుపు. వాళ్ళ నాయనమ్మ నలుపు. చురుకమ్మ చామనఛాయ మనిషి. ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచీ అత్తగారి రంగును ఎత్తిపొడవని రోజు లేదు. పిల్ల పుట్టిన రోజు ముసలావిడ బట్టలో చుట్టిన పసిగుడ్డును చూసి, "అచ్చం నా నకలే!" అని పొంగిపోతే, బాలింత గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటి నుంచీ పిల్ల మొహం చూసినప్పుడల్లా ఆవిడ నోట ఒకటే మాట, "అంతా బాగుంది గానీ, ఆ రంగొక్కటీ..." అని. ఆ వాక్యం ఎప్పుడూ పూర్తి చేసేది కాదు. పూర్తి చేస్తే నయం, కనీసం అక్కడితో అయిపోయేది.

విచిత్రమేమిటంటే పిల్లకు ఆ బాధ లేదు. కళ్ళజోళ్ళ కొట్టులో పని చేసేది. వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని, వాళ్ళ మొహం చూసి, అరలోంచి టక్కున ఒక ఫ్రేము తీసి, తన చేత్తోనే చెవుల మీద సర్ది పెట్టేది. "ఇది పెట్టుకుంటే మీరు హెడ్మాస్టరులా ఉన్నారు బాబాయ్, పిల్లలు పారిపోతారు. ఇది చూడండి" అని నవ్వించేది. జనం వరసలో నిలబడి మరీ ఆ పిల్ల దగ్గరికే వచ్చేవారు. చుట్టూ అద్దాలే. పగలంతా తన మొహం తనకు కనిపిస్తూనే ఉండేది. ఏనాడూ దాంతో పేచీ పెట్టుకోలేదు.

"నాకెందుకమ్మా ఇది? నేను బాగానే ఉన్నాగా" అంది డబ్బా చూసి.

"నా మాట విను. నీ మంచికే చెప్తున్నా. చెట్టు మందు, చెట్టేం చేస్తుంది నిన్ను?"

మొదట్లో అమ్మ కోసమని ఏదో రాశాననిపించేది. ఆ మచ్చ వచ్చి, అమ్మ ముద్దు పెట్టుకున్న రోజు నుంచి మాత్రం పొద్దునా సాయంత్రం శ్రద్ధగా పట్టించింది. మండితే పళ్ళు బిగబట్టి కూర్చునేది. చురుకమ్మ అది చూసి పొంగిపోయింది. తెచ్చే డబ్బా పెద్దదైంది.

తరవాత జరిగింది ఎలా చెప్పను? కంటి కింది చుక్క పెరిగి చెంప దిగింది. పెదవి మూలన ఒకటి తేలింది. నుదుటి మీద మరొకటి. అవి ఒకదాంతో ఒకటి కలుస్తాయని, మొహమంతా ఒక్క తీరుగా తెల్లబడుతుందని చురుకమ్మ ఎదురు చూస్తూనే ఉంది. కలవలేదు. తెలుపు తెలుపు కాదు, కాగితం తెలుపు. పక్కనే మిగిలిన నలుపు ఇంకా నల్లగా కనిపించింది. అదే రోజుల్లో సారం గదిలో ఒకావిడ వేళ్ళ మధ్య పాలు ఒలికినట్టు మచ్చలు తేలాయి. ఆ తరవాత ఇంకొకావిడకు. చురుకమ్మ తన చేతులు వెలుతురులో చాపి చూసుకుంది. దొరసాని చేతులు కావవి. మోచేతి దాకా ముక్కలు ముక్కలుగా రంగు చచ్చిపోయి ఉన్నాయి.

చర్మం డాక్టరమ్మ పిల్ల మొహాన్ని చీకటి గదిలో ఏదో నీలి దీపం కింద పెట్టి చూసింది. మామూలు వెలుగులో కనిపించని చోట్ల కూడా తెలుపు మొదలై ఉంది. మెడ మీద, చెవుల వెనక.

"చర్మంలో రంగు తయారు చేసే కణాలుంటాయమ్మా. ఈ సారం వాటిని చంపేసింది" అంది. "రాయడం మానేసినా ఇంకా పాకుతోంది. ఎక్కడ ఆగుతుందో నేను చెప్పలేను. మందులిస్తాను, కొందరికి కొంత తిరిగొస్తుంది. పెదవుల దగ్గర మటుకు ఆశ పెట్టుకోకండి. మొదటి మచ్చ రాగానే ఆపేసుంటే చాలావరకు దక్కేది. మండుతున్నా రాస్తూ పోయారు, ఎందుకు ఆపలేదు?"

చురుకమ్మకు తల కొట్టేసినట్టైంది. పిల్ల తల్లి వైపు ఒక్కసారి చూసి, డాక్టరమ్మ వైపు తిరిగి, "నాకు తెలీలేదండి" అంది. ఆ అబద్ధం తనను కాపాడటానికేనని తల్లికి తెలుసు. అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ఫ్యాక్టరీలో కొత్త బెరడు ఆపేశారు. ఎవరూ ఏమీ చెప్పలేదు, సంచులు రావడం మానేశాయి, అంతే. మళ్ళీ అతిమధురమే. చురుకమ్మ సూపర్‌వైజరును నిలదీస్తే, "క్రీములో ఎంత వెయ్యాలో అంతే వేశాం. అడుగు గీకి మొహానికి రాసుకోమని నీకెవరు చెప్పారు?" అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. ఆ మాట అతని నోటి నుంచి వినాల్సి రావడం ఆవిడ ఖర్మ.

కళ్ళజోళ్ళ కొట్టులో జనం పిల్ల చెయ్యి మొహం దగ్గరికి రాగానే తల వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. అంటుకునే జబ్బు కాదని చెప్తే, "అబ్బే, అదేం లేదమ్మా" అంటూనే ఫ్రేము తామే అందుకునేవారు. యజమాని మంచివాడే. మంచిగానే చెప్పాడు, "కొన్నాళ్ళు లోపల అద్దాలు అరగదీసే మిషను చూసుకోమ్మా" అని. పిల్ల వెనక గదిలోకి పోయింది. అక్కడ అద్దాలున్నాయి గానీ మొహాలు లేవు. ఇంటికొచ్చి మాట్లాడటం తగ్గించింది. ఎవరి మీదా కేకలు వెయ్యలేదు. ఒక్కసారి నోరారా తిట్టినా తల్లికి కాస్త ఊపిరాడేది.

అప్పుడు చురుకమ్మకు ఒకటే పట్టుకుంది. పిల్ల రంగు పిల్లకు తిరిగి ఇవ్వాలి. చర్మంలో కాకపోతే చర్మం మీదైనా. పిల్ల మళ్ళీ ఆ కౌంటరు దగ్గర కూర్చోవాలి.

ఫ్యాక్టరీలో మొహానికి వేసే రంగులు కలిపే మాస్టారు ఒకాయన ఉన్నాడు. ఏ ఛాయ కావాలంటే ఆ ఛాయ కలుపుతాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి. చురుకమ్మ వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"రండి చురుకమ్మగారూ, ఇవాళ ఎవరిని కాల్చడానికి వచ్చారు?" అన్నాడు. అనేశాక ఆవిడ మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. "ఏం కావాలమ్మా?" అన్నాడు మెల్లగా.

"మా అమ్మాయి రంగు కావాలి మాస్టారూ. మచ్చలు కప్పుకోడానికి."

"దాందేముంది, కలుపుదాం. ఎలా ఉంటుంది?"

"నల్లగా ఉంటుంది."

"నలుపంటే ఒక్కటా అమ్మా? ఎర్ర నలుపుంటుంది, పచ్చ నలుపుంటుంది, నీలిగా ఉండేదుంటుంది. మీ అమ్మాయిది ఏది?"

చురుకమ్మ కన్న బిడ్డ మొహం కళ్ళ ముందుకు తెచ్చుకోబోతే వచ్చింది మచ్చలు పడ్డ మొహమే. అంతకు ముందుది ఎలా ఉండేది? ఇన్నేళ్ళు రోజూ చూసింది కదా. చూసిందా? చూపు పడగానే "ఆ రంగొక్కటీ" అని పక్కకు తిప్పేసుకోవడమే తప్ప, ఎన్నడైనా నిలిపి చూసిందా?

"ఫొటో పట్రండి పోనీ" అన్నాడు మాస్టారు.

ఇల్లంతా వెతికింది. ఒక్క ఫొటో పనికి రాలేదు. స్కూలు నాటి నుంచీ ప్రతి ఫొటోకీ స్టూడియో అతని వెంటపడి, "కాస్త తెల్లగా తీసుకురా నాయనా" అని దగ్గరుండి దిద్దించింది ఈవిడే. ఫోనులో ఉన్నవీ అంతే, తీసిన ప్రతిదాన్నీ తెల్లబరిచే దాకా ఊరుకోలేదు. గోడకు ఉన్న పటంలోంచి ఎవరో పరాయి పిల్ల, బియ్యప్పిండి రంగు పిల్ల, నవ్వుతూ చూస్తోంది. మచ్చలు పడని చోటు పిల్ల మొహంలో ఏదైనా మిగిలిందేమో చూద్దామంటే, డాక్టరమ్మ మందు రాసుకుని రోజూ ఎండలో కూర్చోమనడంతో అదీ మాడి మరో రంగుకు తిరిగింది.

పటం ముందు కూలబడి ఏడుస్తున్న కోడలిని ముసలావిడ కాసేపు చూసింది.

"దేనికోసమే వెతుకుతున్నావు?"

చెప్పింది. సిగ్గు విడిచి, వెక్కుతూ, అంతా చెప్పింది. ముసలావిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

"పద. చెప్పులు వేసుకుంటాను."

"ఎక్కడికత్తయ్యా?"

"ఎక్కడికేమిటే? అది నా నకలని పుట్టిన రోజునే చెప్పలేదూ? నువ్వు గోడవైపు తిరిగి వినలేదు గానీ."

మాస్టారు ఆవిణ్ణి పెద్ద కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఎండ తగలని చోటు కావాలంటే, చెవి ముందు జుట్టు పక్కకు తొలగించి చూపించింది ముసలావిడ. అతను పసుపు, ఎరుపు, నలుపు పొడులు తీసి పళ్ళెంలో నూరడం మొదలుపెట్టాడు. మొదటిసారి కలిపింది రాస్తే బూడిదలా కొట్టింది. తుడిచేశాడు. మళ్ళీ కలిపాడు. చచ్చిన రంగు. మళ్ళీ తుడిచాడు. వేళాకోళాలు ఆగిపోయాయి. కిటికీలోకి వంగి, ఆ ముడతల చెంపను చాలాసేపు పరీక్షగా చూశాడు.

"లోపల ఎరుపుంది పెద్దమ్మా మీకు. రాగి బిందె లోపలి వైపులా" అన్నాడు. "ఈ రంగు నేనెప్పుడూ కలపలేదు. మా అరలు గోధుమ రంగు దాకా వచ్చి ఆగిపోతాయి. ఎవరూ అడగరు."

"ఇప్పుడు అడిగింది కదయ్యా మా కోడలు. కలుపు" అంది ముసలావిడ. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

చురుకమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. అత్తగారి మొహాన్ని ఇంత దగ్గరగా, ఇంతసేపు చూడటం కాపురానికొచ్చాక ఇదే. మాస్టారు ఎరుపు మరికాస్త వేసి, నూరి, వేలితో అద్దాడు. అద్దిన చోటు ఎక్కడుందో తెలియకుండా చెంపలో కలిసిపోయింది.

మర్నాడు పిల్లకు సెలవు. మధ్యాహ్నం కిటికీ దగ్గర, ఆనాడు మచ్చ చూసి మురిసిన ఆ కిటికీ దగ్గరే, చురుకమ్మ కూతుర్ని కూర్చోబెట్టింది. పిల్ల కాదనలేదు. ఏదీ కాదనడం మానేసింది ఈమధ్య. రంగు చచ్చిన వేళ్ళతో తల్లి కొంచెం కొంచెం తీసుకుని అద్దింది. నుదురు, కంటి కింద, చెంప, పెదవి మూల. నాయనమ్మ మంచం మీద నుంచి చూస్తోంది. ఒక్కో మచ్చా మాయమవుతూ వచ్చింది.

మొహం తిరిగొచ్చింది. నున్నగా, ఒక్క తీరుగా, కిటికీ వెలుతురు చెంప ఎముక మీద పడి లోపలి ఎరుపు నిగనిగలాడుతోంది. చురుకమ్మ చెయ్యి ఆగిపోయింది. ఈ పిల్ల ఇరవై ఏళ్ళకు పైగా తన కళ్ళ ముందే తిరిగిందా?

"ఎంత బాగున్నావే" అంది. తనకు తెలియకుండానే వచ్చేసింది ఆ మాట.

పిల్ల చేతి అద్దం అందుకుని, కొట్టులో ఎవరి మొహమో చూసినట్టు తన మొహం చూసుకుంది.

"బాగా కుదిరింది" అంది. "దూరం నుంచి ఎవరికీ తెలీదు."

"రేపు మీ యజమానికి చూపించు. మళ్ళీ ముందు కూర్చోబెడతాడు. అయిపోగానే ఇంకా కలిపించి తెస్తా. ఎంత కావాలన్నా తెస్తా."

పిల్ల అద్దం ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"మొదటి మచ్చ వచ్చిన రోజు గుర్తుందా అమ్మా? నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని ముద్దు పెట్టుకున్నావు. నాకు ఊహ తెలిశాక నువ్వలా చెయ్యడం అదే మొదటిసారి. నిప్పు పెట్టినట్టు మండేది. ఏదో తేడాగా ఉందని నాకూ తెలుస్తూనే ఉంది. ఆపేస్తే మళ్ళీ పెట్టుకోవేమోనని ఆపలేదు."

నాయనమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది.

చురుకమ్మ ముందుకు ఒరిగి, ఆ మొహాన్ని పట్టుకోబోతూ రెండు చేతులూ చాచింది. పిల్ల తల వెనక్కి తీసుకుంది. కొట్టులో జనం తీసుకున్నట్టే, మెల్లగా, మర్యాదగా.

"వద్దులేమ్మా. రంగు ఊడిపోతుంది" అంది.